మన సొమ్ముతో ఎవరో వేసే ఓటు

2004 సెప్టెంబరు 1 తరువాత ఉద్యోగంలో చేరిన మా ఆత్మకూరు ప్రభుత్వ ఉపాధ్యాయుడు నెలనెలా మూలవేతనం, కరవు భత్యంలో పది శాతాన్ని కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకానికి చెల్లిస్తున్నాడు. ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతున్నది. అందులో ఒక భాగం, చాలాకాలం పాటు గరిష్ఠంగా 15 శాతం, ఎస్‌బీఐ, ఎల్‌ఐసీ, యూటీఐ పెన్షన్ ఫండ్ల ద్వారా బడా కంపెనీల షేర్లలోకి వెళ్ళింది. షేరు వెంట ఓటు హక్కు కూడా ఉంటుంది. డైరెక్టర్ల నియామకం, వారి జీతభత్యాలు, ప్రమోటరు సొంత సంస్థలతో లావాదేవీలు ఆ ఓటుతోనే తేలతాయి. కానీ ఆ ఓటు వేసేది ఉపాధ్యాయుడు కాదు, ఫండ్ మేనేజరు. ఏ తీర్మానానికి అవునని, దేనికి కాదని వేయాలో పెట్టుబడి సంస్థలకు చెప్పడానికి ప్రాక్సీ సలహా సంస్థలు అనేవి ఉన్నాయి. సీపీఎస్ రద్దు కోసం ఉద్యోగ సంఘాలు చేస్తున్న పోరాటం న్యాయమైనదే. అయితే ఇన్నేళ్ళ పోరాటంలో ఈ ఓటు ప్రస్తావన నాకెక్కడా వినిపించలేదు.

మన దేశంలో ఈ సలహా సంస్థలు పుట్టడానికి ఒక తెలుగు కంపెనీయే కారణమైందంటే అతిశయోక్తి కాదు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, రామలింగరాజు కుమారుల చేతిలోని రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. అప్పటికి సత్యంలో రాజు కుటుంబం వాటా పది శాతం కూడా లేదు. ఆ బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు, ఐఎస్‌బీ డీన్, కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి వంటి ఉద్దండులున్నారు. అంతమంది మేధావులు చెప్పలేని ‘వద్దు’ను మదుపరులు ఒక్క రాత్రిలో చెప్పారు. కొనుగోలు రద్దయింది. మూడు వారాలకే, 2009 జనవరి 7న, అయిదు వేల కోట్లకు పైగా లేని నగదును ఉన్నట్లు చూపామని రాజు ఒప్పుకున్నాడు. ఆ తరువాతే ఇన్‌గవర్న్, ఐఐఏఎస్, ఎస్ఈఎస్ వంటి సలహా సంస్థలు వచ్చాయి. ఓట్ల విధానాన్ని వెల్లడించాలని 2010లో సెబీ మ్యూచువల్ ఫండ్లను ఆదేశించింది. సంబంధిత పక్షాలతో లావాదేవీలకు 2013 కంపెనీల చట్టం కళ్ళెం వేసింది. సలహా సంస్థలు కూడా 2014లో సెబీ నిబంధనల కిందికి వచ్చాయి.

ఇక్కడే కులం ప్రశ్న మొదలవుతుంది. ‘బంధువు’ అంటే ఎవరు? చట్టం ఇచ్చిన జాబితాలో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, తోబుట్టువులు, హిందూ ఉమ్మడి కుటుంబ సభ్యులు ఉన్నారు. మేనమామ లేడు. వియ్యంకుడు లేడు. తోడల్లుడూ లేడు. సెబీ తరువాత ప్రమోటరు జీవిత భాగస్వామి తోబుట్టువుల దాకా పరిధిని పెంచినా, వీరు ఆ గీతకు ఆవలే మిగిలారు. మన ప్రాంతంలో పెట్టుబడి నడిచిన తోవ ఏమిటో తెలిసినవారికి ఇది చిన్న లోపం కాదు. కోస్తా వ్యవసాయ మిగులు రైసు మిల్లుల్లోకి, సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి, హైదరాబాదు కంపెనీల్లోకి చేరింది వియ్యపు, మేనరికపు దారుల్లోనే. రాయలసీమ కాంట్రాక్టు పెట్టుబడికీ అదే దారి. కులం లోపలే పెళ్ళి జరిగే సమాజంలో బంధుత్వం అన్నది కులానికి మరో పేరు. ఆ మాట చట్టం రాసినవారికి తట్టలేదు, లేదా తట్టినా రాయలేదు.

బోర్డుల్లో ఎవరున్నారో చూద్దాం. అజిత్, డోంకర్, సక్సేనా 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల బోర్డు సభ్యుల కులాలను లెక్కగట్టారు. దాదాపు 93 శాతం అగ్రకులాలవారు. ఓబీసీలు 3.8 శాతం, ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. రిజర్వేషన్ ద్వారా ఉద్యోగం సంపాదించుకున్న దళిత, బీసీ ఉద్యోగి జీతంలోంచి కోసిన సొమ్ము ఈ బోర్డులకే మూలధనమవుతున్నది. అతని పేరు మీద పడే ఓటు ఈ బోర్డునే తిరిగి ఎన్నుకుంటున్నది.

సలహా సంస్థలు డైరెక్టరు సమావేశాలకు ఎన్నిసార్లు హాజరయ్యాడో, ఎన్ని బోర్డుల్లో ఉన్నాడో, ఎన్నేళ్ళుగా ఉన్నాడో చూస్తాయి. మహిళా డైరెక్టరు లేకపోతే అడుగుతాయి, ఎందుకంటే చట్టం అడిగింది. కులాన్ని అడగవు. అడగడానికి లెక్కే లేదు. పెద్ద కంపెనీలు సెబీకి సమర్పించే బాధ్యతా నివేదికలో బోర్డులోని మహిళల సంఖ్యకు గడి ఉంది, సామాజిక వర్గానికి లేదు. ‘ప్రతిభ’ వాదం వినిపించేవారికి సత్యం బోర్డు పట్టికను మరోసారి చూపిస్తే చాలు.

అమెరికాలోనూ గాలి ఎదురు తిరిగింది. బోర్డుల్లో వైవిధ్యాన్ని వెల్లడించాలన్న నాస్‌డాక్ నిబంధనను 2024 డిసెంబరులో అక్కడి అప్పీళ్ళ న్యాయస్థానం కొట్టివేసింది. ప్రపంచంలో అతిపెద్ద సలహా సంస్థ ఐఎస్ఎస్, అమెరికా కంపెనీల విషయంలో జాతి, లింగ వైవిధ్యాన్ని లెక్కలోకి తీసుకోబోమని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. అక్కడ ఉన్నదాన్ని వెనక్కి తీసుకున్నారు. మనకు వెనక్కి తీసుకోవడానికైనా ఏమీ లేదు.

ఒక దళిత డైరెక్టరును కూర్చోబెడితే కంపెనీ స్వభావం మారిపోతుందని నేను అనుకోను. అలంకారంగా కూర్చునే మహిళా డైరెక్టర్లను చూస్తూనే ఉన్నాం. నేనడుగుతున్నది ముందుగా లెక్క. డైరెక్టర్లు స్వచ్ఛందంగా చెప్పిన వివరాలను, పేర్లు లేకుండా, ఎస్సీ, ఎస్టీ, బీసీ సంఖ్యలుగా నివేదికలో ప్రకటించాలి. జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించాక, బోర్డు గదికి మాత్రం మినహాయింపు ఎందుకు? రెండవది, బంధువుల జాబితాలో వియ్యంకుణ్ణి, మేనమామను చేర్చాలి. మూడవది ఉద్యోగ సంఘాల పని. తమ సభ్యుల సొమ్ముతో పెన్షన్ ఫండ్లు ఏ కంపెనీలో ఏ తీర్మానానికి ఎటు ఓటు వేస్తున్నాయో అడగాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ ఉపాధ్యాయ సంఘాలు రోస్టర్ పాయింట్ల మీద, పదోన్నతుల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు పెట్టినా పెన్షన్ నియంత్రణ సంస్థకు ఒక వినతిపత్రం రాయవచ్చు. దాన్ని ఆత్మకూరు నుంచే రాయవచ్చు, నంద్యాల దాకా కూడా పోనక్కరలేదు.