అడ్వాన్సు సొమ్ము

తాంబరం నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల మా బల్లమీద అన్నిటికంటె పైన ఉన్నది. భర్త పోయిన తర్వాత మేడమీది పోర్షను అద్దెతోనే ఆమె సంసారం నడుస్తున్నది. అద్దెకున్నవారు రెండు నెలలలో ఖాళీ చేస్తామని చెప్పారట. వారిచ్చిన లక్ష రూపాయల అడ్వాన్సు ఎన్నడో ఖర్చయిపోయింది. "గోడలకు మేకులు కొట్టారు, పిల్లలు రంగు పెన్సిళ్ళతో గీశారు, రంగులకని ఎంతవరకు మినహాయించుకోవచ్చునో తెలియజేయండి" అని అడిగారు. ఉత్తరం రెండుమార్లు చదివిన మీదట మాకు తోచినదేమంటే, ఆమె బాధ మేకుల గురించి కాదు. ఇవ్వవలసిన డబ్బు చేతిలో లేదు. ఆ మాట వ్రాయటానికి మొగమాటపడ్డారు.

ఆ మొగమాటం మాకు తెలియనిది కాదు. అందుచేత ముందు మా కథ చెప్పుకొని, తర్వాత ఆమెకు జవాబు వ్రాస్తాము.

2012లో మా మేడమీది పోర్షను నెలకు 8,000 రూపాయలకు అద్దెకిచ్చాము. మద్రాసులో అప్పటి మామూలు ప్రకారం పది నెలల అద్దె, అంటే 80,000 అడ్వాన్సు తీసుకొన్నాము. ఆ డబ్బు మా యింట్లో ఆరు వారాలు కూడా నిలువలేదు. బోరుకు కొత్త మోటారు వచ్చింది, మిగిలినది అమ్మాయి కాలేజీ ఫీజుకు పోయింది. తప్పు చేస్తున్నామని ఆనాడు అనిపించలేదు. అందరూ చేసేదే గదా! వీరు ఖాళీ చేస్తే ఇంకొకరు వస్తారు, వారి అడ్వాన్సు వీరికిస్తాము అనుకొన్నాము. ఒకరి దగ్గర తీసుకొని ఇంకొకరికి ఇచ్చే ఈ గొలుసు మన పేటలలో ఎన్నేళ్ళుగానో నడుస్తున్నది.

ఆ గొలుసు 2020 మార్చిలో తెగింది. నెల్లూరువైపు వారైన ఆ దంపతులు సొంత ఫ్లాటు కొనుక్కొని నెల నడుమ ఖాళీ చేశారు. "కొత్తవారు రాగానే మీ డబ్బు మీకు ముట్టజెపుతాము" అన్నాము, వారూ సరేనన్నారు. మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. ఇల్లు చూడటానికి మనిషన్నవాడు రాలేదు. గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు ఎండకు వెలిసిపోయింది. జూన్‌లో మద్రాసుకు మళ్ళీ గట్టి కట్టడి పెట్టారు. ఈలోగా ఆ అబ్బాయికి కంపెనీలో జీతం సగం చేశారు, ఫ్లాటు మీది బ్యాంకు వాయిదా మాత్రం సగం కాలేదు. ఒకనాడు అతని భార్య ఫోను చేసి మా ఇంటావిడతో, "పిన్నిగారూ, మేము అడుగుతున్నది అప్పు కాదు కదండీ, మా డబ్బే కదండీ" అన్నది. గట్టిగా కూడా అనలేదు. ఎనిమిదేళ్ళు ప్రతి పండుగకూ మెట్లు దిగివచ్చి పసుపు కుంకుమ పుచ్చుకొన్న పిల్ల. ఆ రాత్రి మేమిద్దరం భోజనం దగ్గర మాట్లాడుకోలేదు. మరునాడు గాజులు బ్యాంకులో కుదువబెట్టి 80,000 పంపాము. పోర్షనుకు మనిషి దొరికింది అక్టోబరులో. గాజులు విడిపించింది ఆ మరుసటి ఏడు.

అప్పటినుండి మా లెక్క ఒకటే. అద్దె మనది, అడ్వాన్సు మనది కాదు. అది మన ఇంట్లో దాచుకొన్న పరాయివారి డబ్బు.

చట్టం కూడా ఇప్పుడు ఇంచుమించు ఈ మాటే చెపుతున్నది. 1960 నాటి పాత అద్దె నియంత్రణ చట్టం స్థానంలో తమిళనాడులో 2017లో కొత్త చట్టం చేసి, 2019 ఫిబ్రవరి 22 నుండి అమలులో పెట్టారు. దాని ప్రకారం వేరే ఒప్పందం లేనిచో అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదు. ఖాళీ చేసిన నెలలోగా, బకాయిలేమైనా ఉంటే మినహాయించుకొని, తక్కినది తిరిగి ఇవ్వాలి. పది నెలలు తీసుకొనే పాత అలవాటు ఉన్నవారికి ఇది నష్టంగా కనబడుతుంది. మాకు మాత్రం మేలుగానే కనబడుతున్నది. తిరిగి ఇవ్వవలసినది తక్కువైతే మన మెడకు బరువూ తక్కువే గదా.

ఇక రంగుల విషయం. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె రంగులకని పట్టుకోవటం మన ఊళ్ళో ఆచారమైపోయింది. చట్టానికి చేర్చిన షెడ్యూలు చూస్తే వేరుగా ఉన్నది. ఒప్పందంలో ఇంకొకలా వ్రాసుకొనకపోతే, గోడలకు సున్నాలు, తలుపులు కిటికీలకు రంగులు, గొట్టాల మార్పు, కరెంటు వైరింగు ఇవన్నీ ఇంటివారి పూచీ. కొళాయి వాషర్లు, కాలువ శుభ్రం, స్విచ్చులు, తాళాలు, పగిలిన అద్దాలు అద్దెకున్నవారి పూచీ. అద్దెకున్నవారు పాడుచేసినది మాత్రం వేరు, దానికి వారే బాధ్యులు. నాలుగేళ్ళు కాపురమున్న ఇంట్లో గోడ మాయటం పాడుచేయటం కాదు. పిల్లలున్న ఇంట గోడమీద రెండు పెన్సిలు గీతలుంటాయి, మన పిల్లలు గీయలేదా? తలుపు పగులగొడితే అడగండి, వాష్‌బేసిను బద్దలైతే అడగండి. చేతిలో డబ్బు లేదని గోడలు వెదకటం మాత్రం వద్దు. కఠినంగా వ్రాస్తున్నామని ఆ సోదరి అనుకోరాదు.

ఆమె ఇప్పుడు చేయవలసినది ఇది. ఇంకా రెండు నెలల వ్యవధి ఉన్నది. అద్దెకున్నవారిని కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాలి. ఆ రెండు నెలల అద్దె అడ్వాన్సులో జమకట్టుకొమ్మనాలి. అద్దె 14,000 అనుకొంటే 28,000 తగ్గి, ఇవ్వవలసినది 72,000 అవుతుంది. అద్దెమీదనే సంసారం గనుక ఈ రెండు నెలలు ఇబ్బందే, అయినా ఒక్కసారి లక్ష పుట్టించటం కంటె సులువు. మిగిలినదానిలో కొంత తాళంచెవులు తీసుకొనే రోజున, తక్కినది నెలలోగా ఇస్తామని తేదీ వేసి కాగితంమీద వ్రాసి ఇవ్వాలి. రెండు నెలలు ముందుగా, నిజం చెప్పి, తేదీతో ఇచ్చిన మాటను నూటికి తొంభైమంది ఒప్పుకొంటారు. ఖాళీ చేసిన నాడు నోరు విప్పితే ఎవరూ ఒప్పుకోరు.

కరెంటు సంగతి మరువరాదు. మనకు బిల్లు రెండు నెలలకొకసారి గదా, ఆఖరి బిల్లు వారు వెళ్ళిపోయిన తర్వాత వస్తుంది. ఖాళీ చేసే రోజున ఇద్దరూ కలిసి మీటరు చూసి, ఫోనులో ఫోటో తీసి, ఆ అంకె కాగితంమీద వ్రాసుకొంటే తగవు లేదు.

కొత్తవారి అడ్వాన్సులోనుంచి పాతవారికి ఇవ్వక తప్పకపోవచ్చును. పరిస్థితి తెలుసు గనుక వద్దనము. కాని ఆనాటినుండే దానిని అప్పుగా లెక్కకట్టి, వచ్చే అద్దెలోనుండి నెలకు 2,000 బ్యాంకులో రికరింగు డిపాజిట్టులో వేయాలి. 15,000 అద్దెకు మూడు నెలల అడ్వాన్సు 45,000 అనుకొంటే 23 నెలలలో తీరిపోతుంది. తర్వాత దానిని ఫిక్సెడ్ డిపాజిట్టు చేసి పుస్తకంమీద "మేడమీది వారిది" అని వ్రాసిపెట్టండి. మా యింట్లో అలాగే వ్రాసి ఉన్నది. వడ్డీ మనం తినవచ్చును, అసలు ముట్టరాదు. వడ్డీ ఆదాయపు పన్ను లెక్కలో చూపాలి. అద్దె కూడా చూపాలి, అయితే కట్టిన ఇంటిపన్ను తీసివేయగా మిగిలినదానిలో నూటికి 30 వంతు మరమ్మతులకని మినహాయిస్తారు, రసీదులు చూపనక్కరలేదు.

కొత్తవారు వచ్చేటప్పుడు ఒప్పందం వ్రాతమూలకంగా ఉండాలి, అద్దె అధికారి వద్ద నమోదు కావాలి. పదకొండు నెలలకే వ్రాసుకొన్నాము గనుక నమోదు అక్కరలేదని చాలామంది అనుకొంటున్నారు. ఏడాదికి మించిన ఒప్పందాలకు రిజిస్ట్రేషను కావాలన్నది వేరే చట్టం మాట. 2017 చట్టం పదకొండు నెలలకూ వర్తిస్తుంది. అందులో ఫ్యాన్లు ఎన్ని, ట్యూబులైట్లు ఎన్ని, తాళంచెవులు ఎన్ని అన్నీ వ్రాయండి. నీళ్ళ ట్యాంకరు ఖర్చు ఎవరిదో తప్పక వ్రాయండి. 2019 వేసవిలో చెరువులెండి ఊరంతా ట్యాంకర్ల వెంట పరుగెత్తినప్పుడు ఆ ఒక్కమాట వ్రాసుకోనందువల్ల ఎన్ని ఇళ్ళల్లో మనస్పర్థలు వచ్చాయో మేమెరుగుదుము. అద్దె బాకీపడ్డా, తగవు వచ్చినా, నీళ్ళో కరెంటో ఆపటం మాత్రం చట్టం ఒప్పదు.

ఇక్కడ మనవారికొక మాట. తెలుగువారికే ఇస్తామని చెప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. భాషమీది అభిమానం అర్థమవుతుంది. కాని చిక్కెక్కడంటే, మనవాడు గదా, మేనత్త ఆడబిడ్డకు మరిదివరస గదా అని కాగితం వ్రాయటం మానేస్తారు. తగవు వచ్చిననాడు డబ్బూ పోతుంది, పెళ్ళిళ్ళకు రాకపోకలూ పోతాయి. చుట్టరికమున్నచోటనే కాగితం ఎక్కువ అవసరం. మా ఎరుకలో ఒక పెద్దాయన మేనల్లుడికి అద్దెకిచ్చి పదేళ్ళు అద్దె పెంచలేక, అడగలేక, ఆఖరుకు ఇల్లే అమ్ముకొన్నారు.

వానాకాలం సంగతి రెండు మాటలలో చెప్పి ముగిస్తాము. మనకు ముఖ్యమైన వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు. సెప్టెంబరులోనే మిద్దెమీది తూములు తీయించి, పగుళ్ళు పూడ్పించండి, సంపు కడిగించండి. సీలింగులో నీళ్ళు దిగిన తర్వాత పిలిస్తే మేస్త్రీ దొరకడు, దొరికినా అడిగినంత ఇవ్వాలి.

మా మేడమీదివారు 2024లో ఖాళీ చేశారు. తాళంచెవులు ఇచ్చిన రోజుననే డిపాజిట్టు తీసి ఉంచిన చెక్కు చేతికిచ్చాము. ఒప్పందంలో రెండు తాళంచెవులని వ్రాసి ఉంటే అతను మూడు ఇచ్చాడు. మూడవది బడినుంచి వచ్చే కొడుకు కోసం తన ఖర్చుతో చేయించుకొన్నాడట. "మీ దగ్గరే ఉంచండి బాబాయిగారూ, వచ్చేవాళ్ళకూ పిల్లలుంటారేమో" అన్నాడు. ఇప్పుడున్నవారికి ఇద్దరు పిల్లలు. మూడవ తాళంచెవి వారికే ఇచ్చి, కాగితంలో మూడని వ్రాశాము.