ఇంటికి వచ్చిన జెఱ్ఱి

అమెరికాలో కాపురముండు సోదరి యొకరు మాకు జాబు వ్రాసినారు. వారి భర్త మూతపడిన యాటల దుకాణమునుండి పాత ఆర్కేడు యంత్రము నొకదానిని కొని తెచ్చి గరాజులో నిలిపినారట. బీరువాయంత చెక్కపెట్టె, తెర వెలుగదు, బంతి కదలదు. "లోపలి సామగ్రి పాఱవైచి క్రొత్త పలుచని తెర బిగింతుమా? ఇంట నైదేండ్ల బిడ్డ యున్నది" అని వారి ప్రశ్న. యంత్రము పేరు సెంటిపీడు, అనగా జెఱ్ఱి.

పేరు చూడగానే మాకు సంతోషము కలిగినది. 1981లో అటారీ కంపెనీ వెలువరించిన యీ యాటను ఎడ్ లాగ్ గారితో గూడి రూపొందించినది డోనా బెయిలీ యను స్త్రీ. ఆ దినములలో ఇట్టి యాటలకు ప్రోగ్రాములు వ్రాయు స్త్రీలు మిక్కిలి యరుదు. పుట్టగొడుగుల నడుమ మెలికలు తిరుగుచు జెఱ్ఱి దిగివచ్చును. నడుమ కొట్టినచో, దెబ్బ తగిలిన చోట పుట్టగొడుగు మొలచి, జెఱ్ఱి రెండై వచ్చును. ఆడువారును దీనిని విరివిగా నాడిరి. కావున పాఱవేయవలదని మా మనవి.

బంతి కదలకుండుట సులువైన జబ్బే. దాని క్రింది రోలర్ల బేరింగులు దుమ్ముపట్టి బిగిసియుండును. విప్పి తుడిచి, అరిగినవానిని మార్చిన చాలును. రోలరు చివర గాళ్లు గల చిన్న చక్రము కాంతికంటి నడుమ తిరుగును. దానిని గూడ తుడువవలెను. (తెచ్చినవారు వారు, తుడుచువారు మీరు అని మే మూహించుచున్నాము.)

పెట్టె యడుగున విద్యుత్తు సరఫరా భాగములో పెద్ద నీలపు కెపాసిటరుండును. సేకరణ చేయువారు దానిని ముద్దుగా బిగ్ బ్లూ అందురు. ఇన్నేండ్లకు అది సారము తప్పియుండును, మార్పింపుడు. బోర్డునకు 5 వోల్టులు సరిగా వచ్చుచున్నవో లేవో కొలిచిన పిదపనే ఆటను నడుపవలెను. పాత మాటులో సీసము కలదు గనుక సోల్డరింగు చేయునపుడు బిడ్డను దూరముంచి, పని ముగియగానే చేతులు కడుగుకొనుడు.

ఇక తెర. ఇచ్చట మేము కఠినముగానే చెప్పవలసియున్నది. పిక్చరు ట్యూబు నడుచునపుడు దానికి సుమారు 20,000 వోల్టులు చేరును. ప్లగ్గు తీసివైచినను ఆ శక్తి కొంత ట్యూబులో నిలిచియుండవచ్చును. పత్రికలో చదివి దానిపై చేయి వేయరాదు. ఆ శక్తిని తొలగించి, తెరబోర్డు మీది చిన్న కెపాసిటర్లను మార్చు పని తెలిసిన మెకానిక్కునకే యప్పగింపుడు. వెనుక తలుపునకు తాళము వేసి, చెవిని బిడ్డ కందని చోట నుంచుడు. పెట్టె మీదికి ఒరుగకుండ గోడకు బిగింపుడు.

ట్యూబు మెడ విఱిగినదని మెకానిక్కు తేల్చినచో పలుచని తెర తప్పదు. అట్టి ట్యూబులు చేయు కర్మాగారములు దాదాపన్నియు మూతపడినవి. అప్పుడును పాత బోర్డును, బంతిని తీయవలదు. బొమ్మలు మాత్రము ట్యూబు వెలుగునందువలె మెత్తగా కనబడవు.

ఒక్క మాట మఱచితిమి. ఈ యంత్రము ఆర్పినను ఎక్కువ పాయింట్లు తెచ్చుకొన్న మొదటి మువ్వుర గుర్తులను, ఒక్కొక్కరికి మూడేసి యక్షరములు, ఒక చిప్పులో దాచుకొనును. ఆ చిప్పు చెడకున్నచో, తెర వెలిగిననాడు మీకు మొదట కనబడునవి ఆ పాత దుకాణములో నాడిన పిల్లల గుర్తులే కావచ్చును. మీ బిడ్డ వానిని మించకమునుపే కాగితముపై నెక్కించి మాకు తెలియజేయుడు.