ఉద్యోగము లభించినది, తీరిక యేది?

తాండూరు, వికారాబాదు రైలుస్టేషన్లలో ఉదయమున హైదరాబాదు బండికై వేచియుండు స్త్రీలను మనమందరము చూచుచునే యున్నాము. ఉపాధ్యాయినులు, నర్సులు, బ్యాంకు గుమాస్తాలు, కంప్యూటరు కచ్చేరీలలో పనిచేయు యువతులు వారిలో నున్నారు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి ప్రభుత్వము బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము కల్పించుటచే గడప దాటుట మరింత సులభమైనది. ఇది సంతోషింపదగిన మార్పు. కాని వారు సుఖముగా నున్నారా యను ప్రశ్న మిగిలియే యున్నది.

ఈ ప్రశ్నకు కొందరు పెద్దలు వెంటనే ప్రత్యుత్తర మిచ్చుచున్నారు. ఉద్యోగమే వారి దుఃఖమునకు మూలమట! ఇంటనే యున్నచో ఇట్టి మనోవ్యథ యుండదట! ఇంత అన్యాయమగు తీర్పు వేఱొకటి లేదు. ఇల్లు వెడలని మన తల్లుల దుఃఖము పొయ్యిప్రక్కనే యణగిపోయినది గనుక మనకు కానరాలేదు. అంతియే కాని అది లేకపోలేదు.

నిజమైన కారణము మన యిండ్లలోనే యున్నది. 2019లో దేశవ్యాప్తముగా జరిగిన కాలవినియోగపరిశీలనలో, ఇంటిపని చేయు స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములును, ఇంటిపని చేయు పురుషుడు 97 నిమిషములును అందు గడపుచున్నట్లు తేలినది. పైగా ఆ పనికి చేయి వేయు పురుషులు నూటికి 26 మంది మాత్రమే! ఒకే బండిలో దిగివచ్చిన దంపతులలో ఒకరు కుర్చీయందు కూర్చుండి టీకై యెదురుచూచుచుండ, మరియొకరు వంటయింటిలోనికి పోవుచున్నారు. జీతము ఇంటివారందరిది, అలసట మాత్రము ఆమెది. చదువుకొన్నవారి మాట యటుండనిండు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది గాని, ఆ చేలలో కలుపు తీసి వచ్చి మరల పొయ్యి రాజేయు చేతికి ఏ గుర్తింపును లభింపలేదు.

ప్రేమవిషయమునను మన నడవడి ఇట్టిదే. కుమార్తె నెలజీతమును సంతోషముతో నందుకొను తండ్రి, ఆమె తన వరుని తానే యెంచుకొందునన్నచో ఇంటి పరువు పోయినదని వాపోవుచున్నాడు. ఆర్జించుటకు తగిన వివేకము ఆమెకు గలదట. వరించుటకు మాత్రము లేదట! ఇది యే న్యాయమో న్యాయవాదవృత్తిలోనున్న మాకును బోధపడుటలేదు.

వీని యన్నిటినడుమ మొదట బలియగునది స్నేహము. పురుషునకు టీహోటలున్నది, సంఘమున్నది, రచ్చబండయున్నది. పాఠకులారా! మీరీ పత్రికను పఠనమందిరమున చదువుచున్నచో, ఒకసారి తలయెత్తి అచట నెందరు స్త్రీలు కూర్చుండిరో చూడుడు. స్నేహితురాలితో మాటాడుటకు స్త్రీకి రైలుపెట్టెలోని గంట తప్ప వేఱు తావు లేదు. చెప్పుకొనుటకు మనిషి లేని దుఃఖము రెట్టింపగును.

దీనికి మందు మనకు తెలియనిది కాదు. వికారాబాదు స్థానమునుండి 1957లోను, 1962లోను లోకసభ కెన్నికైన సంగెం లక్ష్మీబాయిగారు ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగిన ధీరురాలు. ఆమె 1952లో హైదరాబాదున ఇందిరా సేవాసదనమును నెలకొల్పి అనాథబాలికలకు నీడ కల్పించిరి. ఆమె సమకాలికురాలగు దుర్గాబాయిగారు ఎనిమిదేండ్ల ప్రాయమున జరిగిన వివాహమును యుక్తవయస్సున నిరాకరించి, చదివి, 1937లో చెన్నపట్టణమున ఆంధ్ర మహిళా సభను స్థాపించి, ఆ పిదప న్యాయవాదియైరి. తాను విడిచిన ఆ వరుడు మరణించిన పిదప అతని రెండవ భార్య దిక్కులేనిదికాగా, ఆమెకు వృత్తిశిక్షణ నిప్పించినదియు దుర్గాబాయిగారే. 1953లో చింతామణి దేశ్‌ముఖ్ గారిని తన యిష్టముతో వివాహమాడిన పిదపను ఆమె సేవాకార్యమును మానలేదు. వృత్తి, స్నేహము, ప్రేమ ఒకే జీవితమున ఇముడునని చూపిన మహనీయురాలామె. ఈ యిరువురును దుఃఖితురాలికి ఓదార్పుమాటలు చెప్పి యూరకుండలేదు. తలదాచుకొనుటకు చోటును, తోడును చూపిరి.

మన రెండు పట్టణములకును నేడు కావలసినది అట్టి చోటే. ఉద్యోగినులకు సరసమైన వెలకు వసతిగృహము కావలెను. 2017 సవరణచట్టము 50 మందికి తక్కువ కాని సంస్థలు శిశుసంరక్షణశాల నుంచవలెనని విధించినది. చిన్న దుకాణములలోను, నాపరాతి కార్ఖానాలలోను పనిచేయు తల్లుల బిడ్డలకై పురపాలకసంఘమే దానిని నడుపవలెను. ప్రతి పఠనమందిరమును సాయంకాలమున కొంతసేపు స్త్రీలకై ప్రత్యేకింపవలెను.

ఇవి సమకూరుటకు కాలము పట్టవచ్చును. కాని నేటి రాత్రి వంటయింటిలో సగము పని నెత్తికెత్తుకొనుటకు ఏ చట్టమును, ఏ నిధియు నక్కరలేదు. స్త్రీ ఇంటిభారములో సగము మోయుటకు ముందుకు వచ్చి చాలకాలమైనది. మిగిలిన సగమునకు పురుషుడింకను రావలసియున్నాడు.