గేటు పోతది సరే, పంచాయితీ ఎవరికి చెప్పుకోవాలె?

సంక్రాంతికి పంతంగి టోల్ గేటు కాడ బండ్లు ఎంత దూరం ఆగుతయో హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద తిరిగెటోళ్లకు చెప్పే పని లేదు. పంతంగి దాటితే కొర్లపహాడ్, అదీ దాటితే చిల్లకల్లు. మూడు కాడ స్లో చేసుడే, మూడు కాడ కట్టుడే. అందుకే, ఇగ గేట్లే ఉండయి, 80 కిలోమీటర్ల స్పీడుతోటి పోవచ్చు అంటే జనం ఖుషీ అయితున్నరు. 2026 ఆఖరుకల్లా దేశమంతటా ఈ పద్ధతి తెస్తమని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2025 డిసెంబర్‌ల పార్లమెంటుకే చెప్పిండు. గుజరాత్‌ల చోర్యాసి టోల్ ప్లాజా కాడ మొదలు పెట్టేటందుకు 2025 ఆగస్టులనే ఒప్పందం అయింది.

జర ఆగి సోచాయించాలె. గేటు పోతే పోయేది లైన్ ఒక్కటే కాదు.

ముందుగాల ఇది ఎట్ల పనిచేస్తదో చూద్దాం. రోడ్డు మీద అడ్డంగా ఒక కమాను. దాని మీద కెమెరాలు, ఫాస్టాగ్‌ను చదివే యంత్రాలు. బండి కింద నుంచి పోంగనే కెమెరా నంబర్ ప్లేట్ ఫోటో తీస్తది, కంప్యూటర్ ఆ ఫోటోల నుంచి అక్షరాలు, అంకెలు చదువుతది. ట్యాగ్‌ల పైసలుంటే కట్ అయితయి. లేకుంటే ఆ నంబర్ ఎవరి పేరు మీదుందో వాహన్ రికార్డుల చూసి నోటీసు పంపుతరు.

ఇప్పటిదాంక తప్పు జరిగితే గేటు కాడనే లొల్లి అయ్యేది. కారుకు లారీ రేటు పడ్డా, రెండుసార్లు కోసినా, అడిగేటందుకు బూతుల ఒక మనిషి ఉండేటోడు. ఆయన వినకపోతే సూపర్‌వైజర్‌ను పిలిపించేటోళ్లం. రేపు గా మనిషి ఉండడు. తప్పు వారం పది రోజులకు మెసేజ్ రూపంల ఇంటికొస్తది. ఆ రోజు నా బండి ఆ తొవ్వల పోలేదని నేనే రుజువు చేసుకోవాల్నంటే ఎట్ల? ఇంటి ముంగట నిలబడ్డ బండికి సాక్షి ఎవరు?

తప్పులు జరుగయా? కొన్ని ప్లాజాలల్ల బండి రాకున్నా చేతితోటి నంబర్ కొట్టి పైసలు కోసిండ్రని సర్కారే ఒప్పుకున్నది. రుజువైన ఒక్కో కేసుకు వసూలు చేసెటోళ్ల మీద లక్ష రూపాయలు, అంతకంటే ఎక్కువ జుర్మానా పెట్టినంక ఫిర్యాదులు తగ్గినయని 2025ల చెప్పింది. దాని లెక్క ప్రకారం నెలకు దాదాపు 30 కోట్ల లావాదేవీలల్ల నిజమైన కేసులు 50 దాంక. మంచిదే. నాకు దీంట్ల కనబడే సంగతి ఏందంటే, తప్పుకు ధర పెడితేనే తప్పు తగ్గింది. మరి కెమెరా తప్పుకు ధర ఎవరు కడ్తరు?

మన రోడ్ల మీద ప్లేట్లు చూడుండ్రి. ఏపీ బండ్లున్నయి, టీఎస్ బండ్లున్నయి, 2024 మార్చి నుంచి టీజీ బండ్లు. సగం పాత ప్లేట్లకు పెయింట్ పోయింది. వానాకాలం బురద పడితే ఎస్ 5 లెక్క, జీ 6 లెక్క కనబడ్తది. ఇగ వేరేటోళ్ల నంబర్ తగిలించుకొని తిరిగే దొంగలు ఉండనే ఉన్నరు. చలాన్లల్ల ఈ తిప్పలు చూసినం, టోల్‌ల మాత్రం ఎందుకు రావు?

అసలు దెబ్బ ఇక్కడున్నది. 2026 జనవరిల మార్చిన మోటారు వాహనాల రూల్స్ ప్రకారం టోల్ బాకీ ఉంటే బండి వేరేటోళ్లకు అమ్మేటందుకు ఎన్‌ఓసీ రాదు, ఫిట్‌నెస్ రెన్యువల్ కాదు, నేషనల్ పర్మిట్ రాదు. 8 ఏండ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయించాల్సిందే. సొంత కారు ఉన్నోళ్లకు ఇది చికాకు. ఫైనాన్స్ మీద డీసీఎం కొనుక్కొని కిస్తీలు కట్టేటోనికి బండి ఆగితే పొయ్యి ఆగినట్టే. తప్పు నోటీసైనా సరే, లొల్లి ఎందుకని కట్టేసి పోతడు.

నేను కెమెరాకు వ్యతిరేకం కాదు. ఇంగ్లండ్‌ల థేమ్స్ నది మీది డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్ కాడ 2014 నవంబర్‌ల గేట్లు తీసేసిండ్రు, నంబర్ ప్లేట్ చూసే వసూలు చేస్తున్నరు. కానీ అక్కడ జుర్మానా తప్పని అనిపిస్తే, వసూలు చేసెటోళ్లతోటి సంబంధం లేని ట్రిబ్యునల్‌కు పైసా ఖర్చు లేకుండ అప్పీల్ చేసుకోవచ్చు. కెమెరా మనం తెచ్చుకుంటున్నం, గా ట్రిబ్యునల్‌ను కూడ తేవాలె కదా!

ఇంకో ముచ్చట. టోల్ కట్టినా కట్టకున్నా ప్రతి బండి ఎప్పుడు, ఎటు పోయిందో రికార్డు అయితది. 2023 డేటా రక్షణ చట్టం కింద కేంద్రం తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకోవచ్చు. పైసలు ముట్టినంక ఆ ఫోటో ఎందుకు, ఎన్ని రోజులు ఉంచాల్నో రూల్‌ల రాయాలె.

నేనడిగేవి నాలుగే. నోటీసుతోటే ఫోటో, టైం, జాగ తెలుగుల పంపాలె. రుజువు చేసే బరువు వసూలు చేసెటోళ్ల మీదనే ఉండాలె. పంచాయితీ తెగేదాంక ఫిట్‌నెస్ ఆపొద్దు. తప్పని తేలితే బండి ఓనర్‌కు నష్టపరిహారం ఇయ్యాలె. బూతులల్ల మూడు షిఫ్టులు చేసే పోరగాళ్ల కొలువుల సంగతి కూడ ఇప్పుడే తేల్చాలె, గేట్లు పీకినంక కాదు.

ఇవి కొత్త కోరికలు కావు. కిరాణా దుకాణంల ఉద్దెర రాసినా లెక్క చూపియ్యమని అడుగుతం. సర్కారు రాసుకునే ఉద్దెరకు లెక్క అడుగొద్దా?