మార్టేరు విత్తనం, యూరపు ఖజానా

పరిశోధన ప్రభుత్వాల పని కాదనీ, దాన్ని పరిశ్రమాధిపతులకు వదిలివేయాలనీ ఒక వాదన మన చదువుకున్నవారిలో బాగా చెలామణీ అవుతున్నది. ఈ వాదన చేసేవారు సాక్ష్యానికి యూరపును పిలుస్తారు. అక్కడ సర్కారు పెత్తనం లేదు గనుకనే విజ్ఞానం వర్ధిల్లిందంటారు. దీని పక్కనే మరొక వాదన నడుస్తున్నది: కడుపు నిండని దేశానికి పరిశోధన విలాసమని. రెండూ ఒక తానులో ముక్కలే.

ముందు వారు పిలిచిన సాక్షినే విచారిద్దాం. రెండో ప్రపంచయుద్ధంలో చితికిపోయిన యూరపులో 12 రాజ్యాలు కలిసి 1954లో జెనీవా వద్ద సెర్న్ అనే పరిశోధనాసంస్థను స్థాపించాయి. పరమాణు గర్భాన్ని శోధిస్తే రేపు ఎంత లాభమని ఏ వ్యాపారి లెక్క కట్టగలడు? సభ్యరాజ్యాల ఖజానాలే దాన్ని పోషించాయి. ఆ సంస్థలోనే 1989లో టిమ్ బెర్నర్స్-లీ వరల్డ్ వైడ్ వెబ్‌ను ప్రతిపాదించాడు. 1993లో సెర్న్ దాన్ని లోకానికి ఉచితంగా వదిలివేసింది. నేడు దాని మీద కోట్లు గడిస్తున్న కంపెనీలు పుట్టకముందే ఆ ఖర్చు ప్రజలు భరించారు. 2007లో ఏర్పడిన యూరోపియన్ రిసెర్చి కౌన్సిల్, శాస్త్రజ్ఞుడు తానే ఎన్నుకున్న సమస్యకు యోగ్యత ఒక్కటే చూసి డబ్బు ఇస్తున్నది. ఏ దేశస్థుడైనా అర్జీ పెట్టవచ్చు. పని మాత్రం యూరపులో చేయాలి. 2021-27 కాలానికి అక్కడి ఉమ్మడి పరిశోధనా ప్రణాళిక హొరైజన్ యూరప్‌కు కేటాయించినది సుమారు 9,550 కోట్ల యూరోలు. ఇదీ సర్కారు పెత్తనం లేని యూరపు!

ఇదంతా ధర్మబుద్ధితో జరుగుతున్నదని మనం భ్రమపడనక్కరలేదు. పెద్ద దేశాలతో పోటీ ఉన్నది. లోకం నలుమూలల నుంచి తెలివిగల యువకులను రప్పించుకునే ఆశ ఉన్నది. మేరీ క్యూరీ పేరిట ఫెలోషిప్పులిచ్చి మన పట్టభద్రులను పిలిచేది అందుకే. అక్కడ కూడా ఈ సొమ్ము నిలకడగా లేదు. 2024లో దేశాధినేతలు ఆ ప్రణాళికలో 210 కోట్ల యూరోలు కోసివేశారు.

ఇక మన సంగతి. 2020-21 లెక్క ప్రకారం పరిశోధనకు మన దేశం పెట్టినది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. యూరోపియన్ యూనియన్ 2 శాతం దాటి కూడా, పెట్టుకున్న 3 శాతం లక్ష్యం చేరలేదని చింతిస్తున్నది. అక్కడి ఖర్చులో పరిశ్రమల వాటా సగానికి మించినదే, కాదనను. కాని ఆ పరిశ్రమలు నిలబడింది ప్రభుత్వం వేసిన పునాది మీద. మనవారు పునాది వేయకుండానే పైఅంతస్తు కట్టమని పరిశ్రమాధిపతులను అడుగుతున్నారు. 2023లో అనుసంధాన్ నేషనల్ రిసెర్చి ఫౌండేషన్ చట్టం తెచ్చినప్పుడు ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలన్నారు. అందులో 36,000 కోట్లు ప్రభుత్వేతర వర్గాల నుంచే రావాలట!

రానీయండి. వచ్చిన సొమ్ము ఏ ప్రశ్న వేస్తుంది? రాయవరం రైతు సార్వాకు నారు పోసే వరి విత్తనాన్ని తీసుకొని చూడండి. 1925లో నెలకొన్న మార్టేరు వరి పరిశోధనా కేంద్రం 1982లో స్వర్ణను, అంటే ఎం.టి.యు. 7029ని, విడుదల చేసింది. వసిష్ఠ, మాసూరి రకాల సంకరమది. ఆ మాసూరి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కటకంలో నడిపిన సంకర పథకంలో మొలకెత్తి, మలేసియాలో తయారై, 1965లో బయటికి వచ్చినది. గోదావరి డెల్టాలో పుట్టిన స్వర్ణ ఒడిశా, బెంగాల్, బీహారు, బంగ్లాదేశ్ చేలకు పాకింది.

ఈ పనికి ఏ కంపెనీ పెట్టుబడి పెట్టేది? స్వర్ణ లాంటి సూటి రకంలో రైతు తన పంట గింజనే దాచుకొని మళ్లీ చల్లుకోగలడు, పొరుగువానికి కొలిచి ఇవ్వగలడు. ఏటేటా కొనవలసిన అవసరం లేని సరుకుపై వర్తకునికి ఆసక్తి ఎందుకుంటుంది? విత్తన కంపెనీల చూపు హైబ్రిడ్ మీదనే నిలవడం అందువల్ల. రైతుకు మేలైనదే వర్తకునికి నష్టమైన చోట, పరిశోధన ప్రభుత్వమే చేయాలి, లేదా అది జరగదు.

స్వర్ణకు ఒక లోపముండేది. వారం దాటి నీట మునిగితే కుళ్లిపోయేది. ఒడిశా రైతులు తరతరాలుగా కాపాడిన ఒక నాటు రకంలో ముంపును తట్టుకొనే గుణమున్నది. 1996లో ఆ జన్యువు చోటు కనిపెట్టారు. కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ కలిసి 2006లో దాన్ని విడదీసి చూపాయి. ఆ గుణాన్ని మన స్వర్ణలోకి ఎక్కించిన స్వర్ణ-సబ్1 రకం 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల ముంపును ఓర్చుకుంటుంది. ఒడిశా రైతు, మార్టేరు శాస్త్రజ్ఞుడు, కాలిఫోర్నియా ప్రయోగశాల: ఈ ముగ్గురినీ కలిపినది లాభాపేక్ష కాదు. కడుపు నిండని దేశానికి పరిశోధన విలాసమనేవారు ఈ అన్నం తినే ఆ మాట అంటున్నారు!

సర్కారు కేంద్రాలలో అలసత్వం లేదా, ఫైళ్లు కదలకపోవడం లేదా అని అడుగుతారు. ఉన్నది. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? ధవళేశ్వరం కాలువకు గండి పడితే పూడుస్తామే గాని, కాలువను వేలం వేయము. విత్తనం ఒక్కటే సర్వరోగ నివారిణి అని కూడా నేననడం లేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినది విత్తనం లేక కాదు. మురుగు కాలువలు పూడిపోయి, గిట్టుబాటు ధర లేక. పరిశోధనను పోషించని ప్రభుత్వమే మురుగు కాలువలనూ మరిచింది.

మన రచయితలకు కూడా ఇందులో బాధ్యత ఉన్నది. యూరపు తన ప్రయోగశాలల ఖ్యాతిని దేశదేశాల చాటుకుంటున్నది. మన తెలుగు పత్రికలు సైతం దాన్నే చాటుతున్నవి. స్వర్ణ పుట్టుక గూర్చి, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రంలో కొబ్బరి తెల్లదోమ మీదికి పెంచే శిలీంధ్రం గూర్చి మనం ఎన్ని వ్యాసాలు రాశాం? ప్రజలకు తెలియనిదాన్ని పాలకులు సులభంగా కోసివేస్తారు. ప్రజల సొమ్ముతో పుట్టిన విజ్ఞానం ప్రజల భాషలో ప్రజలకు చేరాలి. అప్పుడే దాని బడ్జెట్టును తగ్గించబోయిన చేతిని రైతే అడ్డుకుంటాడు.