మందు కల్లు రోగికి ‘పిచ్చి’ ముద్ర ఎందుకు?

2025 జులైలో హైదరాబాదు నగరంలోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లాలో పదుల సంఖ్యలో జనం కల్లు త్రాగి ఆసుపత్రుల పాలైనారు. మరణించినవారి లెక్క పత్రికలలో వస్తుంది. ప్రాణం దక్కి, నాలుగు రోజులు గోడలతో మాట్లాడి, లేని మనుషులను చూచి బెదరి, చివరకు మతి చలించినవారు అను పేరుతో ఇల్లు చేరినవారి లెక్క మాత్రం ఎక్కడా కనబడదు. అందుకు ఒక కారణం ఆసుపత్రి కేసు షీటులోనే ఉన్నది.

చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు అని నిజామాబాదు నుండి గద్వాల దాకా, సరిహద్దుకు ఆవల రాయచూరు ప్రాంతంలోను, తెలియనివారు లేరు. గిరాకీకి సరిపడినన్ని తాటిచెట్లు, ఈతచెట్లు లేనిచోట నీళ్లలో తీపి కలిపి, మత్తు కొరకు క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, ఆల్ప్రాజోలం చేర్చుతారు. మొదటిది మనవాళ్ల నోట సి.హెచ్. పౌడరు, రెండవది డైజోఫాం. మూడును నిద్రమత్తు మందులే. ఏళ్ల తరబడి ప్రతి సాయంత్రం త్రాగినవారి మెదడు ఆ మందుకు అలవాటు పడిపోతుంది. హఠాత్తుగా అది ఆగినచో వణకు, చెమటలు, నిద్రలేమి, మూర్ఛ, చెవిలో మాటలు, ఎవరో చంపవచ్చుచున్నారను అనుమానం బయలుదేరుతాయి. ఆల్ప్రాజోలం అయితే ఒకటి రెండు రోజులలోనే, డయజెపాం అయితే మరికొన్ని రోజులు ఆలస్యంగా ఈ బాధ మొదలవుతుంది. 2015 సెప్టెంబరులో తెలంగాణ ఎక్సైజు శాఖ దాడులు జరిపి కల్తీ కల్లును ఒక్కసారిగా ఆపినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో వందలాది మంది, వారిలో స్త్రీలు సహా, ఇదే స్థితిలో ఆసుపత్రులకు వచ్చారు. దాడులు అవసరమే. ఆపిన మరునాడు ఏమి జరుగునో ముందుగా ఆలోచించి మందులు, పడకలు సిద్ధం చేసి ఉండవలసింది.

ఇక కేసు షీటు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి వ్యాధికి ఒక సంకేతం కేటాయించింది. పదవ వర్గీకరణలో మద్యం వలన కలిగే మానసిక రుగ్మతలు ఎఫ్ 10 క్రిందికి, నిద్రమత్తు మందుల వలన కలిగేవి ఎఫ్ 13 క్రిందికి వస్తాయి. చుక్క తరువాతి అంకె రోగి స్థితిని తెలుపుతుంది. 3 అనగా మందు ఆగినందువలన కలిగిన బాధ. 4 అనగా ఆ బాధతో పాటు తాను ఎక్కడ ఉన్నాడో, ఏ పూట అయినదో తెలియని అయోమయం. 5 అనగా సైకోసిస్, లేనివి కనబడుట, వినబడుట, కదలని అనుమానం. ఈ లెక్కన మందు కల్లు సైకోసిస్‌కు తగిన సంకేతం ఎఫ్ 13.5. 2022 జనవరిలో అమలులోకి వచ్చిన పదకొండవ వర్గీకరణలో దీనికే 6సి44.6 అను సంకేతం ఉన్నది.

అయితే ఈ సంకేతం వేయుటకు వైద్యునికి తేదీలు కావాలి. లక్షణాలు మందు వాడుచుండగానో, వాడిన వెంటనేనో, సాధారణంగా 48 గంటలలోపు, మొదలు కావలెనని పదవ వర్గీకరణ చెబుతున్నది. నెలలోపు కొంతైనా, ఆరు నెలలలోపు పూర్తిగా తగ్గవలెనని కూడ చెబుతున్నది. చివరి సీసా ఎప్పుడు త్రాగినదీ షీటులో లేకపోతే ఏమగును? నోట కల్లు వాసన వచ్చినవారికి ఎఫ్ 10 పడుతుంది. వాసన లేక, చెవిలో మాటలు మాత్రమే ఉన్నవారికి ఎఫ్ 20, అనగా స్కిజోఫ్రీనియా, పడే ప్రమాదం ఉన్నది. రెండవది పెద్ద అన్యాయం. మందు ఆగి బాధపడేవారికి ఆ జాతి మందునే వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చి మెల్లమెల్లగా తగ్గించుట చికిత్స. స్కిజోఫ్రీనియాకు వాడే మందులలో కొన్ని మూర్ఛ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి. కొన్ని వారాలలో తేరుకోవలసిన మనిషి ఏళ్ల తరబడి మాత్రలు మ్రింగుతాడు. ఇంట్లో పెండ్లికి ఎదిగిన ఆడపిల్ల ఉంటే ఆ కాగితం ఎంత దూరం పోవునో మన గ్రామాలవారికి చెప్పనక్కరలేదు.

భాష చేసే చిక్కు వేరొకటి. “మా నాయన మందు మానిండు, మూడు దినాలాయె” అని రాయచూరులో ఒక కోడలు చెబుతుంది. తెలుగులో మందు అనగా ఔషధం, సారాయి, కల్లులో కలిపే పొడి కూడ. కన్నడం మాత్రమే వచ్చిన నర్సుకు మద్దు గుర్తుకు వచ్చి, మాత్రలు మానినట్లు వ్రాసుకొంటుంది. రెండు భాషలు పాఠం చెప్పే ఉద్యోగం కావటం వలన ఇటువంటి కాగితాలు చదివి పెట్టమని నా వద్దకు వస్తుంటారు. కారణం అను గడి ఖాళీగా ఉన్నవే ఎక్కువ చూచితిని.

విడ్డూరమేమనగా, మన పిల్లలు అనేకులు హైదరాబాదు, చెన్నై కంపెనీలలో అమెరికా రోగుల షీట్లకు ఇవే సంకేతాలు వేయుచున్నారు. అక్కడ నిద్రమత్తు మందుల సైకోసిస్ ఒక్కదానికే తొమ్మిది సంకేతాలు ఉన్నవి: దుర్వినియోగమా, పూర్తిగా బానిసయైనాడా, వట్టి వాడకమా అని మూడు తరగతులు, ఒక్కొక్క తరగతిలో భ్రమలు, లేనివి కనబడుట లేక వినబడుట, వివరం తెలియనివి అని మరి మూడు. వైద్యుడు కారణం వ్రాయకపోతే కోడరు తానుగా ఊహించరాదు, తిరిగి వైద్యునికే ప్రశ్న పంపవలెను. పరాయి దేశపు రోగికి దక్కే ఆ ఒక్క ప్రశ్న మన తాలూకా ఆసుపత్రి రోగికి దక్కటం లేదు.

డబ్బు సంగతి కూడ చూడాలి. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చింది. శరీర వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వవలెనని దాని 21వ సెక్షను. బీమా పత్రాలలో మాత్రం మద్య, మాదకద్రవ్య వ్యసన చికిత్సకు మినహాయింపు అను షరతు సాధారణంగా ఉంటుంది. కల్లు అడిగి డబ్బు చెల్లించినవానికి చెప్పకుండా ఆల్ప్రాజోలం పోసినది అమ్మినవాడు. షీటులో ‘తాగుబోతు’ అను అర్థం వచ్చే ఒక్క మాట పడితే ఆ భేదం చెరిగిపోతుంది. వైద్య రికార్డు కోరి తీసుకొనే హక్కు అదే చట్టం 25వ సెక్షనులో ఉన్నది. డిశ్చార్జి నాడే అడగవచ్చును.

ఆసుపత్రికి పోవునప్పుడు మిగిలిన కల్లు సీసాను పారవేయక వెంట తీసుకొనిపోవలెను. ఎన్ని ఏళ్లుగా, రోజుకు ఎన్ని సీసాలు, చివరిది ఏ తేదీ ఏ పూట అను సంగతి చీటీ మీద వ్రాసి ఇవ్వవలెను. మందు అనక, కల్తీ కల్లు అని స్పష్టంగా చెప్పవలెను. సాధారణ మూత్ర పరీక్షలో క్లోరల్ హైడ్రేట్ బయటపడదు. అందువలన సీసాయే సాక్ష్యం. ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించుట ప్రాణాపాయం. సందేహం ఉన్నచో 14416 టెలిమానస్ నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

వైద్యుడు ఎఫ్ 13 అని సరిగా వ్రాసినంత మాత్రాన పని ముగియదు. సీసా నదికి ఈవల అమ్ముడై, రోగి ఆవల చేరినచో, ఆ సంఖ్య కర్ణాటక రిజిస్టరులో పడుతుంది, అమ్మినవాడు తెలంగాణలో ఉంటాడు. ఫలానా ఊరి నుండి నెలలో ఇందరు వచ్చిరని ఎక్సైజు శాఖకు తెలిపే బాధ్యత ఎవరిదో రెండు జిల్లాల అధికారులు కూర్చుని తేల్చవలసి ఉన్నది.