పెట్టె మీద 4800 డీపీఐ.. లోపల మసక సియాహనామా: ఇంటికి స్కానర్ కొన్నవాళ్లు ఎక్కడ మోసపోతున్నారు?

మా ఇంట్లో ఇనుప బీరువా పై అరలో ఒక రేకు పెట్టె ఉంటుంది. అమ్మీ, అబ్బాల సియాహనామా, దాదా పేరు మీద ఉన్న ఇంటి దస్తావేజు, అబ్బా పదో తరగతి మెమో, చాచా జెద్దా నుంచి పంపిన ఫొటోలు, అన్నీ అందులోనే. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను వరద ముంచినప్పుడు పాతబస్తీలో, టోలిచౌకిలో ఇలాంటి పెట్టెలు ఎన్ని తడిసిపోయాయో లెక్క లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడూ అదే కథ. బియ్యం పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, దాదా సంతకం ఎక్కడ దొరుకుతుంది?

దీనికితోడు కాగితాలు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. 2025 జూన్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి కేంద్రం ఉమీద్ పోర్టల్ తెచ్చి ఆరు నెలల గడువు పెట్టినప్పుడు, మసీదు కమిటీల వాళ్లు నిజాం కాలం నాటి ఉర్దూ కాగితాలు పట్టుకుని స్కానింగ్ కోసం తిరిగారు. అదే నెలలో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలయ్యాక, మన దగ్గర కూడా పెద్దవాళ్లు పాత సర్టిఫికెట్లు బయటికి తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. అలా నాకు తెలిసిన ఇళ్లలోనే నాలుగైదు స్కానర్లు వచ్చి చేరాయి. మాది ఒకటి. ఇప్పుడు వాటిలో రోజూ పనిచేస్తున్నది ఒక్కటే. మిగతావి అట్టపెట్టెల్లో ఉన్నాయి.

యంత్రాలు అన్నీ చెడిపోయాయని కాదు. అమ్మినవాడు చెప్పిన పని ఒకటి, మన పెట్టెలో ఉన్న పని ఇంకొకటి. గొడవంతా అక్కడే ఉంది.

నేను కొన్నది ఏ కంపెనీదో రాయను, రాసినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఈ ధరలో అన్నీ దాదాపు ఒకే తరహా. ఆరు వేల రూపాయలు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 4800 డీపీఐ అని ఉంది. మొదట సియాహనామానే పెట్టాను. నలభై ఏళ్లుగా నాలుగు మడతల్లో ఉన్న కాగితం అది. స్కాన్ వచ్చింది. మడత ఉన్నచోట అడ్డంగా ఒక మసక పట్టీ. సరిగ్గా ఆ పట్టీలోనే ఇద్దరు గవాహుల పేర్లు ఉన్నాయి. అమ్మీ కళ్లద్దాలు సర్దుకుని స్క్రీన్ చూసి, "మామూజాన్ పేరు ఏది బేటా?" అని అడిగింది. కాగితం మీద ఉంది. స్కాన్‌లో లేదు.

కారణం సెన్సర్. తక్కువ ధర ఫ్లాట్‌బెడ్ స్కానర్లలో, అంటే అద్దం మీద కాగితం బోర్లా పెట్టే రకంలో, దాదాపు అన్నింటిలోనూ సీఐఎస్ అనే సన్నని సెన్సర్ పట్టీ ఉంటుంది. కెనాన్ లైడ్ వరుస, ఎప్సన్ వీ39 ఈ కోవలోవే. తేలిగ్గా ఉంటాయి, లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటుతోనే నడుస్తాయి. కానీ అద్దానికి అతుక్కున్న భాగాన్నే ఇవి స్పష్టంగా చదువుతాయి. కాగితం ఒకట్రెండు మిల్లీమీటర్లు లేచినా అక్కడ మసకే. మడత పడ్డ దస్తావేజు, కుట్టు ఉన్న రిజిస్టరు, ఆల్బమ్‌లో అతికించిన ఫొటో, పాత పాస్‌బుక్ మధ్య భాగం, ఇవన్నీ అద్దం నుంచి లేచే రకాలే. లెన్సు, అద్దాలతో పనిచేసే సీసీడీ రకం, ఉదాహరణకు ఎప్సన్ వీ600 లాంటిది, ఈ ఎత్తుపల్లాలను చాలావరకు తట్టుకుంటుంది. దాని ధర పాతిక వేలు దాటుతుంది. ఈ తేడా పెట్టె మీద ఎవరూ పెద్ద అక్షరాల్లో రాయరు. 4800 మాత్రం రాస్తారు.

ఆ 4800 సంగతి కూడా చూద్దాం. డీపీఐ అంటే ఒక అంగుళంలో ఎన్ని చుక్కలు చదువుతుందన్న లెక్క. నాలుగు బై ఆరు ఫొటోను 4800లో స్కాన్ చేస్తే 55 కోట్లకు పైగా చుక్కలు వస్తాయి. కుదించకుండా దాస్తే ఒక్క ఫొటో ఫైలే ఒకటిన్నర జీబీ దాటుతుంది. అదే ఫొటోను 600లో చేస్తే 86 లక్షల చుక్కలు, మళ్లీ అదే సైజులో ప్రింట్ తీయడానికి అది ఎక్కువే. స్టూడియోలో కడిగిన ఫొటో కాగితంలో అంతకు మించిన వివరం ఉండదు. లేని వివరాన్ని యంత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? కాగితాలకు 300, ఫొటోలకు 600 చాలు. పాస్‌పోర్టు సైజు ఫొటో తప్ప ఇంకేమీ మిగలని పెద్దవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లది మాత్రం 1200లో చేయాలి, ఎందుకంటే దాన్ని పెద్దది చేసి గోడకు పెట్టుకోవాలనుకుంటాం.

కొన్ని కంపెనీలు రెండు అంకెలు రాస్తాయి. ఒకటి ఆప్టికల్, అంటే సెన్సర్ నిజంగా చదివేది. రెండోది సాఫ్ట్‌వేర్ మధ్యలో ఊహించి నింపేది. ఊహించిన అంకె ఎప్పుడూ పెద్దదే, అందుకే అదే ముందుంటుంది. నెగెటివ్‌లను, స్లైడ్‌లను స్కాన్ చేస్తామంటూ వచ్చే చౌక డబ్బాలది ఇంకా ఘోరం. చాలావాటిలో ఉండేది స్కానర్ కాదు, చిన్న కెమెరా. నెగెటివ్‌ను దీపం ముందు పెట్టి ఫొటో తీస్తుంది, అంతే.

ఫొటోల దగ్గర మా ఇంట్లో ఇంకో నిరాశ ఎదురైంది. ఎనభైల నాటి గల్ఫ్ ఫొటోలు మీ ఇంట్లోనూ ఉంటాయి. రంగులన్నీ ఎర్రబడిపోయి, అందరూ సాయంత్రం ఎండలో నిలబడినట్టు ఉంటారు. స్కానర్ ఆ ఎరుపునే నిజాయితీగా చదివి ఇస్తుంది. రంగు సరిచేసే బటన్ కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఆ రోజుల్లో స్టూడియోలు గరుకు కాగితం మీద కూడా ఫొటోలు కడిగేవి. స్కానర్ వెలుగు పక్క నుంచి పడి ఆ గరుకంతా ముఖాల మీద చుక్కలుగా కనిపిస్తుంది. అది యంత్రం లోపం కాదు, కానీ ఈ సంగతి ముందే చెప్పినవాడు లేడు.

కాగితాలు వాటంతటవే లోపలికి లాక్కునే ఫీడర్ స్కానర్లు ఉన్నాయి. నిమిషానికి పాతిక, ముప్ఫై పేజీలంటారు. కొత్త ఏ4 కాగితాలకు నిజమే. పాత స్టాంపు కాగితం అంచు చిరిగి ఉంటుంది, పిన్ను గుచ్చిన రంధ్రం ఉంటుంది, వెనక జిగురు కాగితం అతికించి ఉంటుంది. అది రోలర్‌కి చిక్కితే స్కాన్ పోవడం కాదు, అసలు కాగితమే పోతుంది. లామినేషన్ చేసిన మెమోలు కూడా ఇరుక్కుంటాయి. దస్తావేజును ఫీడర్‌లో పెట్టకండి, షాపువాడు పెడతానన్నా వద్దనండి. పై నుంచి కెమెరాతో తీసే స్టాండు రకం కాగితాన్ని ముట్టుకోదు, అది మంచిదే. కానీ లామినేషన్ మీద లైటు మెరిసి మధ్యలో తెల్లటి మచ్చ పడుతుంది.

ఉర్దూ సంగతి వేరే చెప్పాలి. స్కాన్ చేసిన అక్షరాలను టైపు అక్షరాలుగా మార్చే ఓసీఆర్ సదుపాయం ఉందని ప్రకటనల్లో వేస్తారు. ఇంగ్లిష్‌కు బాగా పనిచేస్తుంది. అచ్చు తెలుగుకు ఓ మాదిరి. నస్తలీఖ్‌లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి వాలుగా దిగుతాయి కాబట్టి అచ్చు ఉర్దూకే తడబడుతుంది, చేతిరాత దస్తావేజు దగ్గర పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఎడమ పేజీని ముందు లెక్కేసే సాఫ్ట్‌వేర్‌లో ఉర్దూ పుస్తకం పేజీలు తారుమారవుతాయి కూడా. కొనేముందు భాషల జాబితా చూసుకోకపోతే ఆ డబ్బు వృథా.

ఇంతకంటే ప్రమాదమైనది ఒకటుంది. మసక కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్త పడతాం. తప్పు స్పష్టంగా కనిపిస్తే? 2013లో జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీజెల్ ఒక ఇంటి ప్లాన్ స్కాన్‌లో వింత గమనించాడు. వేర్వేరు గదుల విస్తీర్ణం అంతా ఒకేలా 14.13 చదరపు మీటర్లని వచ్చింది. అది జిరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ యంత్రం. ఫైలు చిన్నదిగా చేయడానికి, ఒకేలా కనిపించే చిన్న ముక్కలను ఒకదాని బదులు ఇంకొకటి వాడే పద్ధతి అందులో ఉంది. దాంతో 6 ఉన్నచోట చక్కటి 8 కూర్చుంది. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసింది. అవి ఆఫీసు యంత్రాలు, మన ఇంటి స్కానర్ అలాగే చేస్తుందని నేను అనడం లేదు. కానీ పోర్టల్‌లో సైజు పరిమితి ఉందని మనం పీడీఎఫ్‌ను పిండి పిండి చిన్నది చేస్తాం కదా, అప్పుడు సర్వే నంబరు, గజాలు, తేదీ ఒకసారి అసలుతో సరిచూడాలి. నలుపు తెలుపు మోడ్‌లో ఖాజీ ఊదారంగు ముద్ర, రిజిస్ట్రార్ లేత సీలు మాయమైపోవడం నేనే చూశాను. ఎప్పుడూ కలర్‌లోనే చేయించండి.

ప్రింటర్‌తో కలిసొచ్చే స్కానర్ల గొడవ అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది. ఇంకు అయిపోతే స్కాన్ కూడా చేయనివ్వడం లేదని 2021లో కెనాన్ మీద, 2022లో హెచ్‌పీ మీద కస్టమర్లు కేసులు వేశారు. స్కాన్‌కు ఇంకుతో పనేమిటన్నది వాళ్ల వాదన. హెచ్‌పీ కేసును మొదట్లోనే కొట్టేయడానికి 2023 ఆగస్టులో జడ్జి ఒప్పుకోలేదు. మన దగ్గర ఇది కొనేముందు అడిగేవాళ్లే తక్కువ. డ్రైవర్ సంగతి కూడా అంతే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగింది. కొత్త లాప్‌టాప్ కొన్నాక పాత స్కానర్‌కు డ్రైవర్ దొరకక, బాగున్న యంత్రాన్నే పక్కన పడేసినవాళ్లు ఉన్నారు. వ్యూస్కాన్ లాంటి సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొంటే కొన్ని పాతవి మళ్లీ లేస్తాయి.

ఇక డబ్బు వెనక్కి వస్తుందా? మా స్కానర్‌ను తిరిగి పంపుతానంటే అమ్మినవాడు "రీప్లేస్‌మెంట్ మాత్రమే, రీఫండ్ లేదు" అన్నాడు. అదే మోడల్ మళ్లీ వస్తే అదే మసక కదా. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకులో లోపమున్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అనే హక్కు ఆన్‌లైన్ అమ్మకందారుకు లేదు. ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. దుకాణంలో కొన్నా సరే, బిల్లులో గడువు రాయకపోతే లోపమున్న సరుకును 30 రోజుల్లోపు తీసుకోకపోవడం 2019 వినియోగదారుల చట్టం కింద అనుచిత వ్యాపారమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మడత దగ్గర మసక అన్నది లోపమా, ఆ రకం యంత్రాల స్వభావమా? కంపెనీ స్వభావమనే అంటుంది, అందులో కొంత నిజముంది. అందుకే నేను ఆ మాట ఎత్తలేదు. ఉత్పత్తి పేజీలో "పుస్తకాలు, మందపాటి పత్రాలు స్పష్టంగా" అని రాసిన లైన్‌ను స్క్రీన్‌షాట్ తీసి, మసక స్కాన్‌తో పాటు పంపాను. జవాబు రాలేదు. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాక మూడో వారంలో డబ్బు ఖాతాలో పడింది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. కామర్స్ చదివినవాడిగా ఒక మాట. జీఎస్టీ ఇన్‌పుట్ కోసం షాపు పేరు మీద బిల్లు తీసుకునే అలవాటు మన భాయ్‌లలో ఉంది. 18 శాతం మిగులుతుంది నిజమే, కానీ రేపు కమిషన్ ముందు "ఇది వ్యాపారానికి కొన్నది, వినియోగదారుడు కాదు" అని అవతలివాళ్లు వాదిస్తారు. ఇంటికి కొంటే ఇంటి పేరు మీదే బిల్లు.

లెక్క వేస్తే అసలు కొనడమే అనవసరమని నాకు తేలింది. మా పెట్టెలో 74 కాగితాలు, 120 ఫొటోలు. మా వీధి జిరాక్స్ షాపులో కలర్ స్కాన్‌కు పది రూపాయలు. అంతా కలిపి 1,940. ఆరు వేల యంత్రం గిట్టాలంటే 600 పేజీలు ఉండాలి. మామూలు ఆధార్, కరెంటు బిల్లులకు గూగుల్ డ్రైవ్‌లో, ఐఫోన్ నోట్స్‌లో ఉన్న స్కాన్ చాలు. షాపుకు వెళ్తే మాత్రం కాగితం పక్కనే నిలబడండి. ఫైళ్లు మీ పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాక షాపు కంప్యూటర్‌లోంచి తీసేయించండి. మా షాపు భాయ్ మొదట గొణిగాడు, తర్వాత తనే "డిలీట్ కర్దూం కియా?" అని అడగడం మొదలుపెట్టాడు.

స్కాన్ ఉంది కదా అని అసలును పారేసినవాళ్లను కూడా చూశాను. డిజీలాకర్‌లో ప్రభుత్వ శాఖ నేరుగా జారీ చేసిన పత్రానికి అసలుతో సమాన విలువ ఉంది. మనం స్కాన్ చేసి అందులో ఎక్కించుకున్నది నకలు మాత్రమే.

సియాహనామాను చివరికి అదే షాపులో చేయించాం. రెండు రోజులు బరువైన పుస్తకాల కింద పెట్టి మడత కాస్త అణిగాక, అద్దం మీద పెట్టి పై మూతను భాయ్ చేత్తో నొక్కి పట్టుకున్నాడు. ఈసారి మామూజాన్ పేరు వచ్చింది. రెండో గవాహు పేరులో చివరి అక్షరం కాగితం మీదే చెదిరిపోయి ఉంది. అది ఎవరి పేరో అమ్మీకి గుర్తుంది, పెన్సిల్‌తో వేరే చీటీ మీద రాసి పెట్టెలో పెట్టింది.